నడివయస్సు గొంతుకు తగిన శ్రుతి

నలువది ఏండ్లు దాటిన మగవాడు నలుగురిలో నోరు విప్పి పాడుట ఉద్దానపు ఊళ్ళలో నానాటికి అరుదగుచున్నది. పిల్లలు బడిలో పాడుచున్నారు. స్త్రీలు పెళ్ళిపందిళ్ళలోను, నోముల వేళలలోను, నాట్లు వేయునప్పుడును ఏదో యొక పాట అందుకొనుచునే యున్నారు. కుర్రవారు ఫోనులో ట్రాకు పెట్టుకొని పాడి, ఆ పాటను తెలిసినవారికందరికి పంపుచున్నారు. నడివయస్సు పురుషుడు మాత్రము వినువాడుగనే మిగిలిపోవుచున్నాడు. ఎవరైన బలవంతపెట్టినచో "ఇంకెక్కడి గొంతు!" అని నవ్వి తప్పుకొనును. ఊరి చివర పడవను ఇసుకమీదికి లాగునప్పుడు అదే మనిషి "హైలెస్సా" అని ఎలుగెత్తినచో తీరమంతయు మారుమ్రోగును. కాబట్టి గొంతు ఎక్కడికిని పోలేదు. దానికి అందు శ్రుతిలో పాటను ఇచ్చువారే లేకపోయిరి.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. చిన్న విషయము కాదని జపాను దేశము అర్ధశతాబ్ది క్రిందటనే గ్రహించినది. కోబే నగరములోని మద్యశాలలలో వాద్యము వాయించి జీవించుచుండిన దైసుకె ఇనౌయె అను నతడు గొప్ప విద్వాంసుడు కాడు. వచ్చినవారు పాడుచుండగా వెనుక వాయించుట అతని వృత్తి. పాడువాడు తాళము తప్పినచో తానును తప్పి కలుపుకొనుట, గొంతు పైకి పోనిచో శ్రుతిని దించుట, ఈ రెండును అతనికి బాగుగా తెలిసిన విద్యలు. అతని వద్దకు వచ్చువారిలో ఒక చిన్న ఉక్కు వ్యాపారసంస్థ యజమాని యుండెను. ఆయన వేడినీటి బుగ్గల ఊరికి విహారమునకు పోవుచు, అక్కడ తన మిత్రులయెదుట పాడవలసి యున్నదనియు, తోడు రమ్మనియు ఇనౌయెను కోరెను. అతనికి వీలు పడలేదు. అందుచేత ఆ పెద్దమనిషి గొంతుకు సరిపడు శ్రుతిలో, ఆయన నడకకు సరిపడు కాలములో, వాద్యము మాత్రము టేపుపై పట్టి ఇచ్చి పంపెను. ఆయన తిరిగివచ్చి, పాట మిక్కిలి రక్తి కట్టినదని చెప్పి, మరికొన్ని టేపులు చేసి ఇమ్మనెను.

కరోకే కథ అంతయు ఈ చిన్న సంఘటనలో నున్నది. 1971లో ఇనౌయె తన మిత్రుల సాయముతో కారులలో వాడు టేపు యంత్రమును, ఒక మైకును, నాణెములు వేయు పెట్టెను జతచేసి "జూక్ 8" అను పేరుతో పదకొండు యంత్రములు చేయించి మద్యశాలలకు అద్దెకిచ్చెను. నూరు యెన్ల నాణెము వేసిన వానికి కొన్ని నిమిషములపాటు వాద్యబృందము సొంతమయ్యెడిది. 'కర' అనగా శూన్యము. 'ఓకే' అనగా ఓర్కెస్ట్రా అను మాటకు జపానువారి పొట్టిరూపము. పాటగాడు లేని వాద్యబృందమని అర్థము. అంతకు ముందే, 1967లో, టోక్యోలో షిగెయిచి నెగిషి అను నతడు ఇట్టి యంత్రమునే నిర్మించెను. ఆయన నూరేండ్లు జీవించి 2024 జనవరిలో కన్నుమూసెను. ఫిలిప్పీన్సులో రాబర్టో డెల్ రొసారియో తన యంత్రమునకు పేటెంటు పొందెను. ఇనౌయె పేటెంటు తీసికొనలేదు. పొందియుండినచో కోట్లు గడించెడివాడు. దానికి బదులు 2004లో నవ్వుటాలకిచ్చు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఆయనకు లభించినది. ఒకరినొకరు సహించుట మానవులకు నేర్పినందుకట! ఆ మాటలో వెటకారమెంతయో నిజమును అంతే.

యంత్రము వచ్చిన పిదప ఆ ఉక్కు వ్యాపారివంటి మనుష్యులు ఏ పాటలు కోరుకొనిరి? వారి మొదటి కోరిక 'ఎంక' అను జాతి పాటలు. ఊరు విడిచినవాని దిగులు, తల్లి తలపు, రేవు, వాన, మద్యము, చెప్పుకొనలేని ప్రేమ, ఇవి వాని వస్తువులు. పెద్ద గాయకులు వానిని గమకములతో వణికించి పాడుదురు. కాని ఆ వణకును తీసివేసినచో లోపలి పాట మిక్కిలి సరళమైనది. మెల్లని నడక, పొట్టి పాదములు, పాదమునకు పాదమునకు నడుమ ఊపిరి తీసికొనుటకు చాలినంత వ్యవధి. గొంతు తెచ్చుకొన్నవాడు మెరుగులు దిద్దుకొనును, లేనివాడు ఉన్నదున్నట్లు పాడును. పాట ఇద్దరిని కాదనదు.

1977లో మసావో సెన్ పాడిన 'కితగుని నో హారు' ఈ కోవలోనిది. ఉత్తరదేశపు వసంతమని ఆ పేరునకు అర్థము. పట్టణములో బ్రతుకుచున్న పల్లెవానికి ఇంటినుండి తల్లి పంపిన చిన్న మూట వచ్చును. అది చూచి అతడు తన ఊరి చెట్లను, ఆకాశమును, మాటలు తక్కువగల తండ్రిని, అన్నను తలచుకొనును. ఇంతకు మించి ఆ పాటలో కథ లేదు. జపాను ఉత్తరభాగమునుండి పొలము పనులు లేని చలికాలములో టోక్యో కట్టడముల పనికి వలసపోయిన రైతులు లక్షల సంఖ్యలో నుండిరి. బడి ముగించిన బాలురను మూకుమ్మడిగా రైళ్ళలో నెక్కించి పట్టణపు కర్మాగారములకు చేర్చిన కాలము కూడ నుండెను. ఆ బాలురు నడివయస్సునకు వచ్చుసరికి ఈ పాట వారికి దొరికినది. చీనా దేశములోను, ఆగ్నేయాసియాలోను కూడ అది వ్యాపించుటలో ఆశ్చర్యము లేదు. ఊరు విడిచినవాడు లేని దేశమేది?

ఉద్దానమునకు ఈ అనుభవము కొత్తది కాదు. ఉద్యానమే ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు చూచినవారికి ఆ పేరు తగినదనియే తోచును. ఐనను ఇంత పచ్చదనములోనుండియే మగవారు తరతరములుగా వలసపోవుచున్నారు. ఒకనాడు ఈ తీరమునుండి ఓడలెక్కి రంగూనుకు పోయిరి. నేడు పలాస స్టేషనులో రైలెక్కి విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు పోవుచున్నారు. విమానమెక్కి గల్ఫు దేశములకు పోవుచున్నారు. మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవులో పరుల పడవలమీద వేటకు కుదురుచున్నారు. ఇట్టి మనుష్యుడు ఏబదియవ ఏట ఇల్లు చేరి, సాయంకాలము అరుగుమీద కూర్చుండి పాడుకొనుటకు అతని గొంతుకు అందు పాట యొకటి ఉండవలదా?

ఇచట ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. జపానులో నడివయస్సువాని సులువైన పాటకు పునాది మద్యశాలలో పడలేదు, బడిలో పడినది. 1880 ప్రాంతమున ఇసావా షూజి అను విద్యాధికారి, బోస్టను నుండి వచ్చిన లూథర్ మేసన్ అను సంగీతోపాధ్యాయుని సాయముతో ప్రాథమిక పాఠశాలలకు పాటల సంపుటములు సిద్ధముచేయించెను. పాశ్చాత్యుల సప్తస్వరములలో నాలుగవదియు, ఏడవదియు జపాను బాలుర నోట సరిగా పలుకకపోవుటచే, ఆ రెండును విడిచిన ఐదు స్వరముల వరుస ఆ దేశపు పాఠశాలల పాటలలో స్థిరపడినది. దానికి వారు పెట్టుకొన్న పేరునకు నాలుగు, ఏడు లేనిదని అర్థము. తరువాతి కాలపు జనాదరణగల పాటలలో ఎన్నియో ఆ వరుసమీదనే, లేక దాని విషాదచ్ఛాయమీదనే, నిలిచినవి. అనగా ఏబదియేండ్ల గుమాస్తా మైకు పట్టుకొన్నప్పుడు, తాను ఏడవ యేట బడిలో పలికిన స్వరములనే తిరిగి పలుకుచున్నాడు. అందుచేతనే అది సులువు.

మధ్యమ నిషాదములు లేని ఆ ఐదు స్వరముల వరుస తెలుగువారికి పరాయిది కాదు. సరిగపద, అది మోహనరాగము. 'మాయాబజార్' చిత్రములో (1957) వెన్నెలలో పడవ సాగునప్పటి 'లాహిరి' పాట మోహనలోనిదే. సంగీతము రాదనువాడు కూడ ఆ పాటను గుర్తుపట్టగలడు, కూనిరాగము తీయగలడు. కాని నలుగురిలో పాడుమనినచో వెనుదీయును. ఏలయనగా సినిమాలోని శ్రుతిలోనే పాడవలెననియు, ఘంటసాలవలెనే పాడవలెననియు అతడు తలచును. ఘంటసాల గొంతు వేరు. విజయనగరము సంగీత కళాశాలలో శాస్త్రీయముగా సాధనచేసి, మంద్రమునుండి తారము వరకు సునాయాసముగ సంచరించిన గొంతది. దానిని కొలబద్దగా పెట్టుకొన్న సామాన్యుడు మౌనము వహింపక ఏమి చేయును?

హెచ్చు శ్రుతిమీది ఈ మోజునకు కారణము కలదు. మైకులు లేని దినములలో తూర్పు భాగవతమైనను, పౌరాణిక నాటకమైనను వేలజనము నడుమ జరుగవలసినది. మద్దెలల మ్రోతను, జనసమ్మర్దమును దాటి పద్యము చివరివానికి వినబడవలెనన్నచో హెచ్చు శ్రుతి తప్పనిసరి. తారస్థాయిలో రాగము తీసి నిలిపినవాడే నటుడనిపించుకొనెను. ప్రేక్షకులు వన్స్‌మోరు కొట్టినది దానికే. మైకు వచ్చిన తరువాత ఆ అవసరము తీరినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటివారు మైకును చెవియని భావించి, దానితో గుసగుసలాడినట్లు పాడి కొత్త బాణీని తెచ్చిరి. తెలుగు తెరపై ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ గార్ల పాటలు ఆ మార్గములోనివే. మెత్తగా, మధ్యస్థాయిలో, మాటలాడినట్లే సాగును. నడివయస్సువారు సినిమాపాటలనే పాడదలచినచో ఆ యిద్దరి పాటలతో మొదలిడుట మేలు. ఐనను ఊరి వేడుకలలో నేటికిని మైకును నోటికి ఆనించి, దాని ఎదుట మైకు లేనట్లే అరచుట చూచుచున్నాము. ఇది విచిత్రము.

సామాన్య పురుషుని గొంతు ఒక స్థాయికి కొంచెము మించి హాయిగా పలుకును. హార్మోనియముమీద ఒకటి, ఒకటిన్నర, రెండు, ఇవి అతని శ్రుతులు. స్త్రీలకును, చిన్నపిల్లలకును ఐదు, ఐదున్నర తగినవి. పాఠశాలలో ప్రార్థనాగీతములు సహజముగా రెండవ లెక్కలోనే సాగును. ఆరవ తరగతి బాలునకు అది అనుకూలమే. ఎనిమిదవ తరగతి నాటికి అతని గొంతు మారి ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. అప్పుడు ఐదవ శ్రుతిలో పైస్థాయి అందదు. క్రిందిస్థాయికి పోయినచో లోతు చాలదు. రెంటికి చెడి గొంతు కీచుమనును. తరగతి ఘొల్లున నవ్వును. అతడు ఆ దినముననే పెదవులు కదల్చుచు పాడినట్లు నటించుట నేర్చుకొనును. నలువదియవ యేట పెళ్ళిపందిటిలో "ఇంకెక్కడి గొంతు" అనువాడు ఆ బాలుడే. ఇంతకాలము అతని మౌనమును వయస్సు తెచ్చినదనుకొనుట పొరపాటు. అది పదునాలుగవ యేట, బడి ఆవరణలో, ఉదయపు ప్రార్థనలో మొదలైనది. ఆనాడు ఎవరైన శ్రుతిని రెండు మూడు మెట్లు దించి యుండినచో!

సులువైన పాటలకు తెలుగునాట కొదువలేదు. కష్టసాధ్యములైన కృతులు రచించిన త్యాగరాజస్వామియే, పదిమంది కూడి పాడుటకై దివ్యనామ కీర్తనలు రచించెను. వానిలో పెక్కింటిలో పల్లవికిని చరణములకును ఒకే వరుస. ఒకసారి వచ్చినచో అంతయు వచ్చినట్లే. రామదాసు కీర్తనలు రామమందిరముల భజనలలో ఇన్ని తరములు నిలుచుటకు కారణము భక్తియొక్కటే కాదు, వాని నడక కూడ. నరసన్నపేట ప్రాంతపు గోనెపాడున పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ 'మా కొద్దీ తెల్లదొరతనము' వ్రాసి జైలుకు పోయెను. ఆ పాట సంగీతసభలలో వర్ధిల్లలేదు. వీథులలో, ఊరేగింపులలో, పాడుట రానివారి నోట వర్ధిల్లినది. దొరతనము భయపడినది దానికే. ఉద్దానములోని బొడ్డపాడున నివసించి, 1969 డిసెంబరులో మరణించిన సుబ్బారావు పాణిగ్రాహి తన ఉద్యమమునకు జముకుల కథను చేపట్టుటలోను, 2020లో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్రపు పలుకుబడిలోనే పాటలు కట్టుటలోను ఆ యెరుకయే కానవచ్చును. వారి మార్గములతో ఏకీభవింపనివారు కూడ ఆ పాటలు సామాన్యుని గొంతుకు కొలత తీసి కుట్టినట్లుండునని ఒప్పుకొనక తప్పదు. మదనపల్లెలో 1919లో మార్గరెట్ కజిన్స్ స్వరము వ్రాసికొనిన జనగణమన మాత్రము? ఇంచుమించు ఒక స్థాయిలో, పెద్ద గంతులు లేక, ప్రక్క స్వరమునుండి ప్రక్క స్వరమునకు నడచును. అందుచేతనే అది కోట్లమంది నోట నిలిచినది.

ఉద్దానపు నడివయస్సును గూర్చి వ్రాయుచు మూత్రపిండవ్యాధిని విడుచుట తగదు. పొలములో పనిచేయు మనిషిని, ఇంటికి ఆధారమైన వయస్సులోనే, ఆ వ్యాధి పట్టుకొనుచున్నది. ఏండ్లుగా పరిశోధించినను కారణము ఇదియని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలము నుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఊళ్ళకు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి. అంతకు ముందు, 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస తీరమును దాటిన తిత్లీ తుపాను, తండ్రులు తాతలు నాటిన కొబ్బరిచెట్లను నేలకూల్చినది. కొబ్బరి తిరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఇట్టి చోట పాటను మందువలె చూపించుట క్రూరపరిహాసమగును. కావలసినది మంచినీరు, వైద్యము, గిట్టుబాటు ధర. కాని అవి వచ్చులోపల సాయంకాలములు ఆగవు. ఆ సాయంకాలములలో మగవారు చేరుటకు టీకొట్టు, సారా దుకాణము తప్ప వేరొక చోటు లేకుండుటయు దారిద్ర్యమే. స్త్రీలు బావివద్దనో, సంఘ సమావేశములోనో కష్టము చెప్పుకొందురు. మగవాడు చెప్పుకొనడు. చెప్పుకొనలేనిది పాటలోనైన పలుకగలడేమో; జపానులో ఆ గుమాస్తాలు చేసినది అదియే కదా!

ఐతే కరోకే యంత్రమును యథాతథముగ తెచ్చి గ్రామములలో పెట్టుమనుట ఇందలి ఉద్దేశము కాదు. అది ఎట్లును వచ్చియే యున్నది. ఫోనున్న ప్రతివానికిని అందుబాటులో నున్నది. దానిలో ఒక లోపము కలదు. తెరపై అక్షరములు పరుగెత్తుచుండగా మనిషి ఒంటరిగా నిలిచి, ఎవరో పాడిన పాటకు అనుకరణ చేయవలసివచ్చును. రామమందిరపు భజనలో ఇట్లు కాదు. ఒకడు అందించును, తక్కినవారు అందుకొందురు. ఒకని అపశ్రుతి పదిమంది గొంతులలో మునిగిపోవును. సిగ్గరికి ఇంతకంటె ఆశ్రయము లేదు. కరోకేనుండి గ్రహింపదగినది శ్రుతిమీట యొక్కటే. పాటను మనిషి వద్దకు దించుటకు జపానువారు సిగ్గుపడలేదు. తెలుగువారు మనిషినే పాట వద్దకు ఎక్కుమందురు, ఎక్కలేనిచో నవ్వుదురు.

ఉపాధ్యాయుడు ఈ పనిని రేపు ఉదయముననే ఆరంభింపవచ్చును. పై తరగతుల బాలురకు ప్రార్థనాగీతమును వారములో రెండు దినములైన వారి శ్రుతిలో పాడించుటకు ఏ ఉత్తర్వును అక్కరలేదు. హార్మోనియము లేనిచోట ఫోనులోని తంబూరా చాలును. ఒక మనిషి శ్రుతిని కనుగొనుటయు కష్టము కాదు. అతనిచేత పాడింపరాదు, మాటలాడింపవలెను. నాలుగు వాక్యములు మాటలాడునప్పుడు గొంతు ఏ స్వరముచుట్టు తిరుగునో దానికి కొంచెము పైన అతని ఆధారషడ్జము దొరకును. విద్యార్థులు తమ తండ్రి, మేనమామ, తాత పాడుకొను పాటలను నోటుపుస్తకములో ఎక్కించునప్పుడు, మాటలతోపాటు పాడిన శ్రుతిని కూడ ప్రక్కన అంకెతో వ్రాసి యుంచవలెను. వల లాగునప్పటి కేకలు, బండి తోలుచు పాడినవి, భజనలో అందించినవి, రంగూను నాటి తాతలు పాడినవి ఏవైన మిగిలియున్నచో అవియు. పాట పేరు, పాడినవాని వయస్సు, శ్రుతి ఒకటో, ఒకటిన్నరయో. తరువాత ఆ అంకెను చూచి, ఆ శ్రుతి పెట్టి, ఆ పెద్దను పాడుమని అడుగవలెను.